ఇరవై రెండు కిలోల లెక్క

డాబా మీద బిగించే 72 సెల్‌ల సోలార్ ప్యానెల్ ఒకటి సుమారు 22 కిలోలు తూగుతుంది. దాన్ని విప్పి, ‘పాత ఇనుప సామాన్లు కొంటాం’ అని రికార్డు పెట్టుకుని వీధిలోకి వచ్చే ట్రాలీ ఆటోలో వేస్తే, కొన్నతనికి అందులో అక్కరకొచ్చేది రెండు కిలోలే. చుట్టూ ఉన్న అల్యూమినియం ఫ్రేము, వెనక డబ్బాలోంచి వేలాడే రాగి తీగ. మిగిలిన 20 కిలోల గాజు, ప్లాస్టిక్, సిలికాన్ ఎక్కడికి పోతాయని ఆ బేరంలో ఎవరూ అడగరు. ఈ అధ్యాయం ఆ 20 కిలోల గురించి.

హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో 2018 సెప్టెంబరులో మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ దాటాక చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ మీదుగా ఎల్బీనగర్ వెళ్తూ కిటికీలోంచి చూస్తే ఇక్కడి మేడల చరిత్ర కొంత చదవొచ్చు. విద్యార్థుల హాస్టళ్ల మీద గాజు గొట్టాల సోలార్ హీటర్లు ఉంటాయి. అవి నీళ్లు కాచేవే తప్ప కరెంటు పుట్టించేవి కావు కాబట్టి వాటి సంగతి వేరు. 2012, 2013 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో గంటల తరబడి కోతలు నడిచినప్పుడు ఇన్వర్టరు, బ్యాటరీలతో పాటు రెండో మూడో ప్యానెళ్లు పెట్టించుకున్న ఇళ్లు ఒక తరం. నెట్ మీటర్లు వచ్చాక రెండు, మూడు కిలోవాట్లు బిగించుకున్నవి రెండో తరం. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలై, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించాక వచ్చినవి మూడో తరం. మొదటి తరం ప్యానెళ్లు ఇప్పుడు దిగే వయసుకు వస్తున్నాయి. మూడో తరం వాటికి ఇంకా చాలా కాలం ఉంది. అయినా వాటి ముగింపు గురించి ఆలోచించాల్సింది ఇప్పుడే. అదెందుకో కాసేపట్లో తేలుతుంది.

ముందుగా లోపల ఏముందో చూడాలి. అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ, ఐరెనా, 2016లో ఇచ్చిన లెక్క ప్రకారం సిలికాన్ ప్యానెల్ బరువులో 76 శాతం గాజు. 10 శాతం ప్లాస్టిక్ పొరలు, 8 శాతం అల్యూమినియం, 5 శాతం సిలికాన్, ఒక శాతం రాగి. వెండి, ఇతర లోహాలు కలిపి 0.1 శాతం కూడా ఉండవు. 22 కిలోల ప్యానెల్‌కు ఇది వర్తింపజేస్తే గాజు దాదాపు 17 కిలోలు, అల్యూమినియం కిలోముప్పావు, సిలికాన్ కిలోకు కాస్త ఎక్కువ, రాగి పావుకిలోకు కాస్త తక్కువ. సెల్‌లను కలిపే రిబ్బన్ల మీద పూసిన సోల్డరులో కొద్ది గ్రాముల సీసం ఉంటుంది. పరిమాణంలో చిన్నదే కానీ, పగిలిన ప్యానెల్ వానలో పడి ఉంటే మట్టిలోకి ఊరే విషం అదే.

ఇవన్నీ విడదీయడం తేలిక కాదు. గాజుకూ సెల్‌లకూ మధ్య ఈవీఏ అనే ప్లాస్టిక్ పొరను దాదాపు 150 డిగ్రీల వేడిలో కరిగించి అతికిస్తారు. పాతికేళ్ల పాటు ఎండకు, వానకు లోపలికి చుక్క నీరు పోకూడదన్నదే దాన్ని తయారుచేసినవారి లక్ష్యం. ఆ పొర ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందో విప్పడం అంత కష్టం. రీసైక్లింగ్ ప్లాంటులో ఫ్రేము, వెనక డబ్బా తీశాక గాజును వేడి కత్తితో కోసి వేరు చేస్తారు. లేదా మొత్తాన్ని కొలిమిలో పెట్టి ప్లాస్టిక్‌ను కాల్చేస్తారు. ఆపైన సిలికాన్, వెండి రాబట్టడానికి ఆమ్లాలు వాడాలి. గాజు కూడా మామూలుది కాదు. వెలుతురు బాగా దూరేందుకు అందులో యాంటిమొనీ కలుపుతారు కాబట్టి సీసాలు పోసే కొలిమికి అది సరిపోదు.

తుక్కు దుకాణంలో ఈ సదుపాయాలేవీ ఉండవు. అక్కడ సుత్తి ఉంటుంది. ఫ్రేము ఊడదీసేటప్పుడు గాజు పగులుతుంది. రాగి కోసం తీగల్ని తగలబెడతారు. ప్యానెల్ వెనక తెల్లటి షీటులో చాలావరకు ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ ఉంటుంది. అది కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఆ పొగ పీల్చేది దుకాణంలో పనిచేసే కుర్రాళ్లు. ఈ కారణం ఒక్కటి చాలు, ప్యానెల్‌ను ట్రాలీ ఆటోకు ఇవ్వకుండా ఉండటానికి. మిగిలిన గాజు ముక్కలు చెత్త బండి ఎక్కితే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చేరతాయి, ఖాళీ ప్లాటులో పోస్తే నాలాలోకి జారతాయి. ఈ కాలనీల నాలాలు సరూర్‌నగర్ చెరువు వైపు, అక్కణ్నుంచి మూసీ వైపు పోతాయి. 2020 అక్టోబరు వానలకు ఆ చెరువు కింది కాలనీలు ఎలా మునిగాయో ఇక్కడివారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

దేశం మొత్తం మీద చూస్తే సంగతి ఇంకా స్పష్టం. కౌన్సిల్ ఆన్ ఎనర్జీ, ఎన్విరాన్‌మెంట్ అండ్ వాటర్ అనే పరిశోధనా సంస్థ 2024 మార్చిలో ఒక అధ్యయనం వెలువరించింది. 2023 మార్చి నాటికి బిగించి ఉన్న ప్యానెళ్ల నుంచే అప్పటికి సుమారు లక్ష టన్నుల వ్యర్థం వచ్చిందని, 2030 కల్లా అది 3.4 లక్షల టన్నులు అవుతుందని అంచనా వేసింది. అందులో మూడింట రెండు వంతులు ఐదు రాష్ట్రాల నుంచే వస్తుంది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల మధ్య 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల సోలార్ పార్కు లాంటివి ఉన్న రాష్ట్రం కదా. ఆ 3.4 లక్షల టన్నుల్లో 10 వేల టన్నుల సిలికాన్, 12 నుంచి 18 టన్నుల వెండి ఉంటాయట. పార్కులకు మేనేజర్లు, కాంట్రాక్టర్లు, రిజిస్టర్లు ఉంటాయి. వనస్థలిపురం డాబాకు ఉండేది ఇంటి యజమాని ఒక్కరే.

నిజంగా పనికిరాకుండా పోయిందా?

దింపే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. పాతికేళ్ల వారంటీ అంటే పాతికేళ్లకు ప్యానెల్ చచ్చిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ కాగితంలో ఉండే మాట వేరు. పాతికేళ్ల తర్వాత కూడా మొదటి శక్తిలో సుమారు 80 శాతం ఇస్తుందని కంపెనీ పూచీ పడుతుంది, అంతే.

ఒక ఇల్లు అనుకుందాం. హస్తినాపురంలో, 2015లో 300 వాట్లవి పది ప్యానెళ్లు బిగించారు. మూడు కిలోవాట్లు. హైదరాబాద్ ఎండకు కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు అన్నది ఈ రంగంలో అందరూ వేసుకునే లెక్క. అంటే మొదట్లో రోజుకు 12 యూనిట్లు. ఏటా 0.7 శాతం చొప్పున తగ్గినా పదకొండేళ్లకు పోయేది ఒక యూనిట్ లోపే. ఆ ఇంట్లో ఇప్పుడు ఆరు యూనిట్లే వస్తుంటే తప్పు ప్యానెళ్ల వయసుది కాదు, మరి దేనిదో. నెల రోజులుగా కడగక పేరుకున్న దుమ్ము కావచ్చు. పక్క ప్లాటులో కొత్తగా లేచిన నాలుగో అంతస్తు నీడ కావచ్చు. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల ఇది మరీ ఎక్కువ. పదేళ్ల క్రితం రెండంతస్తులున్న వీధి ఇప్పుడు అయిదంతస్తుల వీధి. సిరీస్‌లో కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద నీడ పడితే నష్టం మొత్తం వరుసకు పాకుతుంది. అదీ కాకపోతే ఇన్వర్టరు. దాని ఆయుష్షు పదేళ్లకు అటూఇటూ. ప్యానెల్ వెనక డబ్బాలోని డయోడ్ కాలిపోయినా, కనెక్టరులోకి నీళ్లు పోయినా దిగుబడి పడిపోతుంది.

కాబట్టి ముందు పిలవాల్సింది టెక్నీషియన్‌ను. బాగా ఎండ కాసే రోజు మధ్యాహ్నం ఒక్కో ప్యానెల్‌ను విడిగా కొలిపించి, వెనక లేబుల్ మీద ఉన్న ఓల్టులు, ఆంపియర్లతో పోల్చి చూడమనాలి. పదిలో ఒకటో రెండో పోయినట్టు తేలుతుంది చాలాసార్లు. గాజు పగిలినవి, గోధుమ రంగుకు తిరిగినవి, వెనక షీటు పొరలు లేచినవి మాత్రం కొలతలు ఎలా ఉన్నా దింపేయాలి. వాన పడ్డప్పుడు వాటి ఫ్రేముకు కరెంటు వచ్చే ప్రమాదం ఉంది.

నిజానికి రానున్న రోజుల్లో ఎక్కువ ప్యానెళ్లు చెడిపోయి దిగవు. జాగా చాలక దిగుతాయి. 150 గజాల ఇంటి డాబా మీద పది పాత ప్యానెళ్లు ఇచ్చే మూడు కిలోవాట్లను కొత్త 550 వాట్లవి ఆరు పెడితే దాటిపోవచ్చు. ఏసీలు, స్కూటర్ చార్జింగ్ పెరిగిన ఇంటికి ఇది మంచి బేరమే. అలా దిగినవి మరో పది, పదిహేనేళ్లు పనిచేస్తాయి. చౌటుప్పల్ వైపో ఇబ్రహీంపట్నం వైపో పొలం ఉన్నవారికి పశువుల కొట్టంలో దీపాలకు, చిన్న మోటారుకు, కంచెకు అవి చక్కగా సరిపోతాయి. అమ్మేటప్పుడు లేబుళ్లు చింపకుండా, కొలతల కాగితంతో ఇవ్వడం కొన్నవారి పట్ల మర్యాద. సూర్యఘర్ సబ్సిడీకి మాత్రం పాత ప్యానెళ్లు పనికిరావు. దానికి దేశంలో తయారైన కొత్తవే ఉండాలి.

దింపడం

ఈ భాగం నిదానంగా చదవాలి. ఫ్యాన్‌కు ఉన్నట్టు సోలార్ ప్యానెల్‌కు స్విచ్ ఉండదు. వెలుతురు ఉన్నంతసేపూ అది కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. 72 సెల్‌ల ప్యానెల్ ఒక్కటి 45 ఓల్టుల దాకా ఇస్తుంది. పది వరుసగా కలిస్తే 450 ఓల్టుల డీసీ. ఇంట్లో ప్లగ్గుల్లో వచ్చే 230 ఓల్టుల ఏసీ కంటే డీసీ నిప్పురవ్వ మొండిది. ఒకసారి రేగితే తొందరగా ఆరదు. లోడు నడుస్తుండగా కనెక్టరు లాగితే చేతిలోనే మంట లేస్తుంది. అందుకే మొదట ఏసీ వైపు మెయిన్, తర్వాత డీసీ ఐసోలేటర్ ఆపాలి. ఆపైన ప్యానెళ్ల మీద మందపాటి దుప్పటో టార్పాలినో కప్పి, అప్పుడు కనెక్టర్లు విప్పాలి. ఇది పెయింటరుతోనో వాచ్‌మన్‌తోనో చేయించే పని కాదు. బిగించిన సంస్థ ఇంకా ఉంటే వాళ్లనే పిలవడం మేలు.

నెట్ మీటర్ ఉన్న ఇల్లయితే విద్యుత్ పంపిణీ సంస్థ సెక్షన్ ఆఫీసులో ముందే చెప్పాలి. ఒప్పందంలో రాసిన సామర్థ్యం ఒకటి, మేడ మీద ఉన్నది మరొకటి అయితే తర్వాత బిల్లుల దగ్గర చిక్కులు వస్తాయి.

దించిన ప్యానెళ్లను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకూడదు. గోడవారగా అంచు మీద నిలబెట్టి, మధ్యలో అట్టలు పెట్టి, కనెక్టర్ల మూతికి టేపు చుట్టి, వాన పడని చోట ఉంచాలి. పగిలినవి మందపాటి పట్టాలో చుట్టి విడిగా పెట్టాలి. ఫ్రేము ఊడదీసి అమ్ముకుని మిగతాది ఇద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఆ కిలోముప్పావు అల్యూమినియం కోసం ప్యానెల్‌ను పాడుచేస్తే మళ్లీ వాడుకునే అవకాశం పోతుంది, తీసుకెళ్లేవారికి ఇష్టమూ పోతుంది. ఫ్రేము ఉన్నంతవరకే ఆ పలక గాజు పగలకుండా ప్రయాణం చేయగలదు.

ఎవరికి ఇవ్వాలి

ఇక్కడ బ్యాటరీ కథ చెప్పుకోవాలి. దిల్‌సుఖ్‌నగర్‌లోనో కోఠీలోనో ఇన్వర్టర్ బ్యాటరీ కొనడానికి వెళ్తే షాపతను అడిగే మొదటి మాట, పాతది ఉందా అని. పాతది ఇస్తే ధర తగ్గిస్తాడు. యాభై కిలోల పైచిలుకు బరువుండే ఆ బ్యాటరీలో ఎక్కువ భాగం సీసమే, సీసానికి గిరాకీ ఉంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు రాకముందు నుంచే ఈ అలవాటు ఉంది. జనం చైతన్యవంతులై బ్యాటరీలు వెనక్కి ఇవ్వడం లేదు. ఇచ్చే దారి కొనే షాపులోనే ఉంది కాబట్టి ఇస్తున్నారు. ప్యానెల్‌కు ఆ దారి ఇంకా పడలేదు. అందులోంచి తీసిన సరుకు విలువ, తీయడానికయ్యే ఖర్చు కంటే తక్కువ. అమెరికాలోనూ ఇంతే. అక్కడి జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల అంచనాల్లో ఒక ప్యానెల్‌ను రీసైకిల్ చేయడానికి 15 నుంచి 45 డాలర్లు అవుతుంటే, చెత్త గుంటలో పూడ్చడానికి 1 నుంచి 5 డాలర్లే అవుతుంది. ఐరోపా సమాఖ్య 2012లోనే ప్యానెళ్లను ఎలక్ట్రానిక్ వ్యర్థాల చట్టంలో చేర్చి, వెనక్కి తీసుకునే భారం తయారీదారుల మీద పెట్టింది. అందువల్లే ఫ్రాన్స్‌లోని రూసే అనే ఊళ్లో 2018లో ప్యానెళ్ల కోసమే వియోలియా సంస్థ ప్లాంటు నడపగలిగింది.

మన దగ్గర ఈ-వ్యర్థాల నిబంధనలు 2022లో వచ్చి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. సోలార్ ప్యానెళ్లు వాటి పరిధిలో ఉన్నాయి. అయితే టీవీలకు, ఫోన్లకు పెట్టినట్టు ఏటా ఇంత రీసైకిల్ చేయాలన్న లక్ష్యం ప్యానెళ్లకు పెట్టలేదు. తయారీదారులు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ-వ్యర్థాల పోర్టల్‌లో నమోదై, 2034-35 దాకా వచ్చే ప్యానెల్ వ్యర్థాన్ని ఆ మండలి మార్గదర్శకాల ప్రకారం నిల్వ చేసి, ఏటా లెక్కలు చూపాలి. ఇది చాలదు. నిల్వ చేయమన్న చట్టం, ఎల్బీనగర్ డాబా మీద నుంచి ఆ గోదాము దాకా ప్యానెల్ ఎలా చేరాలో కూడా చెప్పి ఉండాల్సింది. అది చెప్పేదాకా ఇంటివాళ్లు పూనుకోక తప్పదు.

పూనుకునేవారు ముందు బిగించిన సంస్థను, ప్యానెల్ కంపెనీని రాతపూర్వకంగా అడగాలి. ఈమెయిల్ చాలు. లేబుల్ మీది సీరియల్ నంబర్లు రాసి, వెనక్కి తీసుకుంటారా అని అడిగితే జవాబు ఏదైనా అది ఒక రికార్డు. అక్కడ పని కాకపోతే నమోదైన రీసైక్లర్. ఈ మాట ఎవరైనా చెప్పుకోవచ్చు కాబట్టి రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, కేంద్ర మండలి ఈ-వ్యర్థాల పోర్టల్‌లో సరిచూడాలి. కంప్యూటర్లకు అనుమతి ఉన్న ప్రతి రీసైక్లర్‌కూ ప్యానెళ్లకు అనుమతి ఉండదు. నిబంధనల పట్టికలో సోలార్ ప్యానెళ్ల కోడు సీఈఈడబ్ల్యూ-14. ఆ కోడు వారి అనుమతిలో ఉందా లేదా అన్నదే చూడాల్సింది. అనుమానం ఉంటే సనత్‌నగర్‌లోని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిని అడగొచ్చు. ఇచ్చాక ఎన్ని ప్యానెళ్లు, ఎన్ని కిలోలు, ఏ తేదీ అన్న రసీదు తప్పక తీసుకోవాలి. కోచింగ్ సెంటర్లు, కాలేజీలు నడిపే యాజమాన్యాలకు ఇంకో సంగతి వర్తిస్తుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా పట్టికలోని ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ వస్తువులు వెయ్యి లేదా అంతకు మించి వాడిన సంస్థను చట్టం పెద్ద వినియోగదారుగా లెక్కిస్తుంది. నమోదైనవారికి తప్ప ఇతరులకు వ్యర్థాలు ఇచ్చే వెసులుబాటు వారికి లేదు.

పాత ఇన్వర్టరు కూడా ఈ-వ్యర్థమే, దాన్ని విడిగా ఇవ్వాలి. దాని సర్క్యూట్ బోర్డులో రాగి, ఇతర విలువైన లోహాలు ఉంటాయి. నగరానికి తూర్పు వైపే, చర్లపల్లిలో ఉన్న కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీ-మెట్, సరిగ్గా ఇలాంటి బోర్డుల నుంచి లోహాలు రాబట్టే పద్ధతుల మీద పనిచేస్తోంది.

రీసైక్లర్లు నాలుగు ప్యానెళ్ల కోసం బండి పంపరు. ఇది వాళ్ల తప్పు కాదు, డీజిల్ ఖర్చు అలాంటిది. దీనికి విరుగుడు కాలనీ సంక్షేమ సంఘం. పైన అనుకున్న ఇంట్లో పది ప్యానెళ్లు 220 కిలోలు. అలాంటి మూడు ఇళ్లు కలిస్తే 660 కిలోలు, అంటే చిన్న ట్రాలీ నిండినట్టే. మన్సూరాబాద్‌లోనో కర్మన్‌ఘాట్‌లోనో సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరింట్లో ఎన్ని ప్యానెళ్లు, ఏ ఏటివి, ఏ కంపెనీవి అని ఒక పట్టిక రాసుకుంటే ఏ సంవత్సరం ఎన్ని దిగుతాయో ముందే తెలుస్తుంది. పార్కుకు రంగు వేయించే సంఘం ఏడాదికోసారి ఈ పని చేయగలదు. డబ్బు ఎదురివ్వాల్సి వచ్చినా పంచుకుంటే భారం కాదు.

కొత్తవి కొనేవారి చేతిలో మాత్రం బేరం ఇప్పుడే ఉంది. బిగించాక ఎవరూ మాట వినరు, అడ్వాన్సు ఇవ్వకముందు అందరూ వింటారు. ఎల్బీనగర్ నుంచి అంతగా దూరం లేని మహేశ్వరం మండలం రావిర్యాల ఈ-సిటీలో ప్రీమియర్ ఎనర్జీస్ లాంటి సంస్థలు ప్యానెళ్లు తయారుచేస్తున్నాయి. ఫ్యాక్టరీ ఇంత దగ్గరున్న నగరంలో, పాతవి వెనక్కి తీసుకుంటారా అని అడగడం అత్యాశ కాదు. కొటేషన్‌లో రెండు వాక్యాలు రాయించుకోవాలి. ఆయుష్షు తీరినా, మధ్యలో పగిలినా ప్యానెళ్లను సంస్థ వెనక్కి తీసుకుంటుందని ఒకటి. ఆ రవాణా ఖర్చు ఎవరిదో చెప్పేది రెండోది. మొదటి దానికి ఒప్పుకోని సంస్థ దగ్గర కొనాలా వద్దా అన్నది ఇంటివాళ్ల ఇష్టం, కానీ ఒప్పుకునేది మరొకటి దొరికితే కిలోవాటుకు కాస్త ఎక్కువైనా అక్కడే కొనడం మంచిది.

పైకి ఎక్కించే ముందే ప్రతి ప్యానెల్ వెనక లేబుల్‌ను ఫోటో తీయాలి. బిగించాక అది కనబడదు, పదేళ్లకు ఎండకు వెలిసిపోతుంది. ఆ ఫోటోల ప్రింట్లు, ఇన్‌వాయిస్, వారంటీ కాగితం, నెట్ మీటర్ ఒప్పందం, వెనక్కి తీసుకుంటామన్న కొటేషన్, అన్నీ ఒకే ఫైల్లో పెట్టాలి. ఇల్లు అమ్మితే ఆ ఫైలు కూడా ఇంటి దస్తావేజులతో పాటు కొన్నవారి చేతికి వెళ్లాలి.